పదేళ్ళ విత్తనానికి పదకొండు నెలల మనుషులా?

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,
లాం, గుంటూరు.

ఉపకులపతి గారూ,

కృష్ణా జిల్లా చల్లపల్లి నుంచి ఒక మినుము రైతు రాస్తున్న ఉత్తరమిది. మీ విశ్వవిద్యాలయంలో పరిశోధన, సాంకేతిక ఉద్యోగాల గురించి రాస్తున్నాను. వాటికి దరఖాస్తు పెట్టే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. మా ఇంట్లో ఆ చదువు చదివినవారూ లేరు. అయినా మీ కేంద్రాల్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంటే దాని దెబ్బ నా చేలో తగులుతుంది. ఎలా తగులుతుందో చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మా వైపు సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును ఆరకముందే, నిలబడి ఉన్న వరిలోనే మినుము చల్లుతాం. దుక్కి ఉండదు, తడి పెట్టేది ఉండదు. నేలలో మిగిలిన చెమ్మ మీద, తెల్లవారుజామున కురిసే మంచు మీద ఆధారపడి ఆ మొక్క బతకాలి, పూయాలి, కాయాలి. వరి మీద వచ్చింది పెట్టుబడికీ కౌలుకీ పోతే, పిల్లల ఫీజులు, ఆస్పత్రి ఖర్చు, ఆడపిల్ల ఇంటికొస్తే పెట్టే చీరె, అన్నీ మినుము మీదే. డెల్టాలో కౌలుకు చేసేవాళ్ళలో చాలామందికి ఏడాది మొత్తానికి మిగులంటూ ఉంటే అది ఈ పంటలోనే.

అంతటి పంటను ఒకప్పుడు బూడిద తెగులు తినేసేది. లాం ఫారం నుంచి ఎల్‌బీజీ 17 వచ్చింది, కృష్ణయ్య అని దాని పేరు. బూడిద తెగులును తట్టుకుని నిలబడింది. ఆ తర్వాత పల్లాకు తెగులు మొదలైంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. ఆకు ఒకసారి పచ్చబడిందంటే దానికి మందు లేదు. దోమను అదుపు చేసుకోవాలి, తెగులు సోకిన మొక్కను పీకి పారెయ్యాలి. చేలకు చేలే పసుపు పచ్చగా మారిన ఏళ్ళు మాకు గుర్తున్నాయి. అప్పుడూ విత్తనమే మమ్మల్ని ఒడ్డున పడేసింది. పీయూ 31 వేశాం. తిరుపతి కేంద్రం టీబీజీ 104 ఇచ్చింది. మా పక్క మండలంలోనే ఉన్న ఘంటసాల పరిశోధన కేంద్రం జీబీజీ 1 ఇచ్చింది. వైరస్ కూడా మారుతూనే ఉంటుంది కనుక ఈ పని ఎప్పటికీ అయిపోయేది కాదు. పైగా కోత మిషన్లు వచ్చాక మా పద్ధతే తలకిందులైంది. వరిలో చల్లిన మినుము మిషను చక్రాల కింద నలిగిపోతోంది. కోతయ్యాక చల్లుదామంటే పదును ఆరిపోతోంది, పంట ఎండల్లోకి పోతోంది. ఆలస్యంగా చల్లినా తట్టుకునే రకం, కాయ తొందరగా ముదిరే రకం, ఒకే కాపుగా వచ్చి మిషనుతో కోసుకునే రకం మాకు ఇప్పుడు కావాలి. ఎవరిస్తారు? మీరే ఇవ్వాలి.

మీరంటే ఎవరు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కొత్త రకం విడుదలైతే పేపర్లో శాస్త్రవేత్త ఫొటో వేస్తారు. వెయ్యాల్సిందే. ఏ రెండు రకాల్ని కలపాలో, ఎందుకు కలపాలో తెలిసింది ఆయనకే. అయితే ఆ కలిపే పని పొలంలో ఎవరి వేళ్ళ మీద జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. మినుము పువ్వు చాలా చిన్నది. రేపు విచ్చుకోబోయే మొగ్గ ఏదో ఈ సాయంత్రమే పోల్చుకోవాలి. చిదిమిపోకుండా దాన్ని తెరిచి, లోపలి పది కేసరాలనూ పుప్పొడి రాలకముందే పట్టకారుతో తీసెయ్యాలి. మర్నాడు పొద్దున్నే రెండో రకం పుప్పొడి తెచ్చి అంటించాలి. దారం కట్టి, చీటీ రాసి తగిలించాలి. ఇంత చేసినా చాలా మొగ్గలు రాలిపోతాయి, కొన్నే కాయ కడతాయి. ఆ కాయలోని గింజలను మళ్ళీ వేసి, వచ్చిన మొక్కల్లోంచి మంచివి ఏరి, వాటి గింజలు మళ్ళీ విడివిడిగా వేసి, అలా తరం తర్వాత తరం గుణాలు స్థిరపడేదాకా సాగాలి. ఆపైన దిగుబడి పరీక్షలు, వేరే కేంద్రాల్లో పరీక్షలు, మాలాంటి వాళ్ళ చేలల్లో మినీకిట్లు. మొగ్గకు చీటీ కట్టిన రోజు నుంచి విత్తనం సంచి రైతు చేతికొచ్చేదాకా ఎనిమిది పదేళ్ళు మామూలు.

పల్లాకు తెగులు పరీక్ష ఒక్కటే తీసుకోండి. తెగులు తొందరగా పట్టే రకాన్ని వరసల మధ్య వరసగా వేసి, కావాలనే వైరస్‌ను పెంచి, దాని పక్కన కొత్త రకాలను నిలబెడతారు. ఒక్కో వరసను చూసి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కు వెయ్యాలి. మూడు ఎక్కడ ఆగుతుంది, ఐదు ఎక్కడ మొదలవుతుంది? పుస్తకంలో శాతాలు రాసి ఉంటాయి. చేలో నిలబడినప్పుడు మాత్రం ఆ శాతాన్ని చూడగలిగే కన్ను కావాలి. నాలుగైదు పంటకాలాలు వరసలు చూసినవాళ్ళకే ఆ కన్ను వస్తుంది. పోయినేడు మూడు వేసిన మనిషే ఈ ఏడూ చూస్తే ఆ రెండు అంకెలకూ పొత్తు కుదురుతుంది. మనిషి మారితే అంకె మారుతుంది. అంకె మారితే, తట్టుకోలేని రకం ముందుకు నడుస్తుంది, తట్టుకునేది వెనకబడుతుంది. ఐదారేళ్ళ తర్వాత ఆ పొరపాటు వచ్చి నా చేలో పడుతుంది. అప్పుడు ఎవరినీ అడగడానికి ఉండదు.

రోజూ పొద్దున ఏడుకూ మధ్యాహ్నం రెండుకూ వాతావరణ పరికరాల దగ్గరకు వెళ్ళి అంకెలు రాసుకునేది ఎవరు? ఆదివారమైనా సంక్రాంతయినా దీపపు ఎరలో పడ్డ పురుగులను లెక్కపెట్టేది ఎవరు? మట్టి పరీక్షకు తెచ్చిన సంచులు తారుమారు కాకుండా చూసేది, విత్తనోత్పత్తి మళ్ళల్లో కేళీలు ఏరించేది, గోదాములో బంగారు పసుపు చీటీ కట్టిన బ్రీడరు విత్తనం సంచిలో వేరే గింజ కలవకుండా కాపలా కాసేది ఎవరు? ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్, ల్యాబ్ టెక్నీషియన్, ఫారం మేనేజర్, రిసెర్చ్ ఫెలో. పరిశోధన కేంద్రం అంటే భవనం కాదు, బోర్డు కాదు. ఈ మనుషులు.

ఈ మనుషులను మనం ఎలా తీసుకుంటున్నాం? ఇది మీ ఒక్క విశ్వవిద్యాలయం సంగతి కాదు, దేశమంతటా ఇదే వరస. ప్రకటన ఇంగ్లీషులో వస్తుంది. పోస్టు ఒకటో రెండో. పూర్తిగా తాత్కాలికం అని మొదటి షరతు. పదకొండు నెలలకో, ప్రాజెక్టు ముగిసేదాకానో, ఏది ముందైతే అది. ఇంటర్వ్యూకు రావడానికి దారి ఖర్చులు ఇవ్వరు. ముందు ముందు ఉద్యోగం ఖాయం చెయ్యమని అడగకూడదు. ఫలానా తేదీ పొద్దున్నే ఒరిజినల్ సర్టిఫికెట్లతో నేరుగా హాజరు కావాలి.

ఆ ఫలానా తేదీ ఎన్ని రోజుల్లో వస్తుందన్నది ముఖ్యం. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక పల్లెల్లో ఉండే పిల్లలకు ఆ ప్రకటన చేరేసరికి గడువు దగ్గర పడి ఉంటుంది. చేరినా, తిరుపతిలోనో అనకాపల్లిలోనో ఇంటర్వ్యూ అంటే రాత్రి బస్సో రైలో పట్టుకోవాలి, ఆడపిల్లయితే ఇంట్లోంచి ఒకరు తోడు వెళ్ళాలి. వెళ్ళాక ఒక్క పోస్టుకు చాంతాడంత వరస. ఇలా జల్లెడ పడితే దగ్గర్లో ఉన్నవారూ ముందే తెలిసినవారూ మిగులుతారు. సమర్థులు అందులో ఉండొచ్చు, బయటా ఉండిపోవచ్చు. ఎంపిక చేసేవారి నిజాయితీని నేను శంకించడం లేదు. వారి ముందుకు వచ్చే మనుషులే తక్కువైపోతున్నారు అంటున్నాను.

మా వైపు అమ్మాయి ఒకామె ఉంది. ఎక్కడ పనిచేసిందో చెప్పను, చెబితే ఆమెకు మంచిది కాదు. ఎమ్మెస్సీ చేసి ఒక పరిశోధన ప్రాజెక్టులో చేరింది. పదకొండు నెలలు, ఒక విరామం, మళ్ళీ పదకొండు నెలలు. నిధులు ఆలస్యమైన నెలల్లో జీతం రాలేదు, ఇంటి నుంచే డబ్బు పంపించుకున్నారు. వరసలు చూడడం వచ్చింది. చేతి రాతతో నింపిన పొలం పుస్తకాలు ఆమె దగ్గర దొంతరగా పేరుకున్నాయి. అంతలో ప్రాజెక్టు అయిపోయింది. ఇప్పుడామె పురుగుమందుల కంపెనీలో పనిచేస్తోంది. మా ఊరొచ్చి తెల్లదోమకు ఏ మందు కొట్టాలో చెబుతుంది. బాగానే చెబుతుంది. అసలు మందే అక్కర్లేని విత్తనం కోసం పనిచేసిన మనిషి ఆమె. ఆమెను పోగొట్టుకున్న నష్టం ఏ జమాఖర్చుల పుస్తకంలోనూ కనబడదు, అందుకే ఎవరికీ పట్టదు. నాకు మాత్రం ఆమెను చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

పదేళ్ళు పట్టే పనికి పదకొండు నెలల మనిషిని పెట్టడం దూడ పాలు మరవకముందే ఆవును మార్చినట్టు. ఒక్క రకం పూర్తయ్యేలోపు ఎన్ని చేతులు మారతాయో మీరే లెక్కవేసుకోండి.

ఇందుకు సమాధానంగా మీ కార్యాలయం ఏం చెప్పగలదో నాకు కొంత తెలుసు. ప్రాజెక్టు డబ్బు ప్రాజెక్టు దాకానే వస్తుంది, శాశ్వత ఉద్యోగానికి రాదు అంటారు. నిజమే, కానీ అన్ని పనులూ రెండు మూడేళ్ళ ప్రాజెక్టులు కావు. అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. వాటి ఖర్చులో ముప్పాతిక భాగం భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇస్తుంది, పాతిక భాగం రాష్ట్రం భరిస్తుంది. మినుము, పెసరకు సంబంధించిన పథకం కూడా అందులోదే. కృషి విజ్ఞాన కేంద్రాల ఖర్చు మండలే భరిస్తుంది, ఒక్కో కేంద్రానికి 16 పోస్టులు నిర్ణయించి ఉన్నాయి. అందులో ల్యాబ్ టెక్నీషియనూ ఫారం మేనేజరూ ఉన్నారు. ఇలా ఏటేటా కొనసాగుతుందని తెలిసిన పనిని కూడా పదకొండు నెలల ముక్కలుగా కొయ్యాల్సిన అవసరం ఏమిటి?

కోర్టు తీర్పు అంటారు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పద్ధతి ప్రకారం ఎంపిక కాని తాత్కాలిక ఉద్యోగికి క్రమబద్ధీకరణ హక్కు కాదంది. ఆ తీర్పు వచ్చిన దగ్గర్నుంచీ ఆఫీసులన్నీ పదకొండు నెలల కాగితాన్ని మరింత గట్టిగా పట్టుకున్నాయి. అదే తీర్పు దొడ్డిదారి నియామకాలు మానండి, మంజూరైన పోస్టులను సక్రమంగా భర్తీ చెయ్యండి అని కూడా చెప్పింది. ఆ రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టే ఈ సంగతి ఎత్తి చూపింది. నిత్యం అవసరమయ్యే పనిలో మనుషులను ఏళ్ళ తరబడి తాత్కాలికంగా ఉంచడానికి ఉమాదేవి తీర్పును సాకుగా వాడుతున్నారని తప్పుపట్టింది. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లోనే పంజాబ్ కేసులో చెప్పింది. నేను న్యాయవాదిని కాను. కాని నాగలి పట్టినవాడికి కూడా ఇక్కడ న్యాయం ఎటు మొగ్గుతోందో అర్థమవుతుంది.

నియామకాలు పెడితే కేసులు పడి ఆగిపోతాయన్న భయం ఇంకొకటి. అది ఉత్త భయం కాదు. 2023 చివర్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు ప్రకటన వచ్చి కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. మచిలీపట్నం కృష్ణా విశ్వవిద్యాలయంలో చేరిన మా పిల్లలు దాని ఫలితం చూస్తూనే ఉన్నారు. అయితే అధ్యాపక పోస్టుల రోస్టరు తగువులకూ, ల్యాబ్ టెక్నీషియన్, ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టులకూ ముడిపెట్టి రెండిటినీ ఆపకండి. 2019లో ఇదే రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలకు 1,26,728 పోస్టులకు ఒకే ఊపున ప్రకటన ఇచ్చారు, రాతపరీక్ష పెట్టారు, నెలల వ్యవధిలో మనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. మీ పాలిటెక్నిక్‌లలో పదో తరగతి తర్వాత రెండేళ్ళ డిప్లొమా చేసిన పిల్లలు ఎందరో అప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకులయ్యారు. అది జరిగింది కదా. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కూడా 2021 డిసెంబరులో 641 టెక్నీషియన్ పోస్టులకు దేశం మొత్తానికి ఒకే ప్రకటన ఇచ్చి కంప్యూటరు పరీక్ష పెట్టింది. పదో తరగతి అర్హత. ఒక టెక్నీషియన్ అక్కడ మొదటి మెట్టు మీద చేరి మెట్టు మెట్టూ ఎక్కుతూ పోవడానికి నియమాలున్నాయి. అలాంటి నిచ్చెన మన దగ్గరా ఉండాలి.

జీతాల మాట కూడా అనాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోకు నెలకు 37,000, సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు నిర్ణయించింది, ఇంటి అద్దె అదనం. ఆ పద్దు కిందికి రాని ప్రాజెక్టుల్లో చేరేవాళ్ళకు ఎంత ఇవ్వాలన్నది ప్రాజెక్టు కాగితంలో ఏం రాశారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఒకే షెడ్డులో, ఒకే ఎండలో, ఒకే పని చేసే ఇద్దరికి వేరు వేరు జీతాలు. దీన్ని సరిచెయ్యడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడే ఆ పోస్టుకు తగిన జీతం అడగమని మీరు శాస్త్రవేత్తలందరికీ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

మీ విశ్వవిద్యాలయం పుట్టుక గుర్తు చేసుకుంటే ఈ కోరికలు కొత్తవేం కాదనిపిస్తుంది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలైనప్పుడు అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం తోడ్పడింది. చదువు, పరిశోధన, రైతుకు చేరవేత మూడూ ఒక్క కప్పు కింద ఉండాలన్నది ఆ నమూనా. అంతకన్నా ముందే ఇక్కడ పునాదులున్నాయి. లాం ఫారం 1922 నాటిది, మార్టేరు 1925 నాటిది, బాపట్ల కళాశాల 1945 నాటిది. ఆ మార్టేరు 1982లో స్వర్ణ ఇచ్చింది, ఎంటీయూ 7029. ఆ బాపట్ల 1986లో సాంబ మసూరి ఇచ్చింది, బీపీటీ 5204. తూర్పు రాష్ట్రాల్లో ఎందరు స్వర్ణ మీద బతికారో, దేశంలో ఎన్ని ఇళ్ళలో సాంబ మసూరి అన్నం వండుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మళ్ళల్లో ఏళ్ళ తరబడి ఒక్కచోటే ఉండి, వంగి, చీటీలు కట్టిన ఫీల్డు సిబ్బంది ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. విశ్వవిద్యాలయానికి రంగా గారి పేరు పెట్టుకున్నాం. పొలంలో పనిచేసేవాడికి గౌరవం దక్కాలని ఆయన జీవితాంతం పోరాడారు. ఆయన పేరున్న చోట పొలంలో పనిచేసే సాంకేతిక సిబ్బంది పేరు కనపడకుండా పోకూడదు.

ఈ బాధ మనకే ప్రత్యేకం కాదు. బ్రిటన్‌లో 2017లో విశ్వవిద్యాలయాలూ పరిశోధన సంస్థలూ టెక్నీషియన్ కమిట్‌మెంట్ అనే ఒడంబడిక మీద సంతకాలు పెట్టడం మొదలుపెట్టాయి. టెక్నీషియన్లు చేసిన పని నలుగురికీ కనిపించాలి, గుర్తింపు రావాలి, ఎదుగుదల ఉండాలి, ఆ నైపుణ్యం తర్వాతి తరానికి అందాలి అన్నవి అందులోని మాటలు. అదే దేశంలో రోథామ్‌స్టెడ్ కేంద్రం 1843లో మొదలుపెట్టిన గోధుమ ప్రయోగం నేటికీ ఆగలేదు. ఒకరి చేతి పుస్తకం ఇంకొకరికి అందుతూ వచ్చింది కనుకే ఆగలేదు.

మా చల్లపల్లి కూడా ఈ విషయంలో కొంత తెలిసిన ఊరే. స్వచ్ఛ చల్లపల్లి అని ఊరిని శుభ్రం చేసుకునే ఉద్యమం 2014 నవంబరులో మొదలైంది. తెల్లవారుజామునే లేచి రోడ్లు ఊడ్చేవాళ్ళు, మొక్కలు నాటేవాళ్ళు ఏళ్ళు గడిచినా మానలేదు. ఒక రోజు చేసి ఫొటో దిగితే ఊరు మారేది కాదు. అదే మనుషులు మర్నాడూ వచ్చారు కనుక మారింది.

తుపాను నేల మాది. 1977 నవంబరు 19 మా దివిసీమలో మరిచిపోగల తేదీ కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి పడిపోయింది, మినుము నీళ్ళలో మునిగింది. పరిశోధన కేంద్రానికి అలాంటి వారం చాలా విలువైనది. ఏ రకం ఎన్ని రోజులు నీళ్ళలో ఉండి లేచింది, ఏది కుళ్ళింది, ఏది మొలకెత్తింది, ఇవన్నీ ఆ నాలుగైదు రోజుల్లోనే రాసుకోవాలి. ఆ వారం ఒప్పందం ముగిసి కొత్త మనిషి ఇంకా చేరలేదంటే, లేదా చేరి వారమే అయి ఏ మడిలో ఏ రకం ఉందో తెలియదంటే, మళ్ళీ తుపాను వచ్చేదాకా ఆ పాఠం దొరకదు. ఉప్పు తేలిన నేలల్లో వరి కోసం మచిలీపట్నం కేంద్రం చేసే పనికీ ఇదే వర్తిస్తుంది. కాల్వ చివరి భూముల్లో ఉప్పు ఒక్కో ఏడు ఒక్కో తీరుగా పైకొస్తుంది. వరసగా చూసేవాళ్ళకే దాని తీరు పట్టుబడుతుంది.

నేను అడిగేవి పెద్దవీ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, కేంద్రాలవారీగా ఎన్ని సాంకేతిక పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి, ఎన్ని ఖాళీ, ఎన్నాళ్ళుగా ఖాళీ, ఈ పట్టిక తెలుగులో బయట పెట్టండి. ఘంటసాల, మచిలీపట్నం, ఉయ్యూరు, గరికపాడు గేట్ల దగ్గర అంటించండి. సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకునే పరిస్థితి రైతుకు ఎందుకు? ఆ పట్టిక చేతిలో ఉంటే మా శాసనసభ్యుణ్ణి, మంత్రిని మేమే నిలదీస్తాం. ఆర్థిక శాఖ అనుమతి కోసం మీరు ఒక్కరే తిరగనక్కర్లేదు, మీ వెనక మేమూ వస్తాం.

మంజూరైన ఖాళీలకు రాతపరీక్ష పెట్టండి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉండాలి. పరీక్షలో సగం మార్కులు పొలం పనికి, ల్యాబ్ పనికి ఇవ్వండి. విత్తనం చూసి రకం చెప్పగలడా, పరికరం చూసి అంకె రాయగలడా, మొగ్గ విప్పగలడా చూడండి. ఇప్పటికే తాత్కాలికంగా పనిచేసినవారికి ఆ అనుభవానికి మార్కులివ్వండి. దొడ్డిదారి అక్కర్లేదు, ముందు గుమ్మం తెరిస్తే చాలు.

ప్రాజెక్టు పోస్టులు తప్పవంటే, ప్రాజెక్టు మూడేళ్ళదైనప్పుడు నియామకమూ మూడేళ్ళకే ఇవ్వండి. మధ్యలో పని నచ్చకపోతే తీసేసే అధికారం మీకెలాగూ ఉంటుంది. ఢిల్లీ నిధులు ఆలస్యమైన నెలల్లో జీతం ఆగకుండా విశ్వవిద్యాలయమే ఒక నిధి పెట్టి ముందు ఇచ్చి, డబ్బు వచ్చాక సర్దుకోవాలి. అది ఇరవై అయిదేళ్ళ పిల్లల అద్దె డబ్బు. పెద్ద సంస్థ ఒక నెల ఆగగలదు, వాళ్ళు ఆగలేరు.

ప్రకటనకూ ఇంటర్వ్యూకూ మధ్య కనీసం మూడు వారాలు ఉంచండి. ప్రకటన తెలుగులో కూడా వెయ్యండి. రైతు సేవా కేంద్రాల్లో అంటిస్తే ప్రతి పల్లెకూ చేరుతుంది, పైసా ఖర్చు లేదు. మొదటి వడపోత ఫోనులోనో వీడియోలోనో చేసి, చివరికి మిగిలిన కొద్దిమందినే పిలవండి. వాళ్ళకు బస్సు ఛార్జీ ఇవ్వండి.

ఎవరైనా మానేసి వెళ్ళేటప్పుడు వారం పది రోజులు కొత్త మనిషితో కలిసి మళ్ళల్లో తిరిగి, పుస్తకాలు అప్పజెప్పేలా నియమం పెట్టండి. ఆ రోజులకూ జీతం ఇవ్వండి. వెళ్ళేవారికి ఏ పని చేశారో స్పష్టంగా రాసిన అనుభవ పత్రం అదే రోజు చేతిలో పెట్టండి, దాని కోసం నెలల తరబడి తిప్పించుకోవద్దు.

ఇంకొకటి. కొత్త రకం విడుదల ప్రతిపాదనలో, ఆ రకం మీద పనిచేసిన టెక్నికల్, ఫీల్డు సిబ్బంది పేర్లు కూడా రాయండి. తాత్కాలికంగా చేసినవారివీ రాయండి. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక్క రూపాయి ఖర్చు కాదు. పురుగుమందుల కంపెనీలో ఉన్న ఆ అమ్మాయి తను చూసిన వరసల్లోంచి రేపు ఒక రకం బయటికొస్తే అందులో తన పేరు చదువుకోవాలని నా కోరిక.

ఈ ఉత్తరం చదివే తోటి రైతులకు ఒక మాట. మనం పరిశోధన కేంద్రానికి వెళ్ళేది విత్తనం సంచి కోసం, తెగులు వస్తే ఆకు పట్టుకుని. ఈసారి వెళ్ళినప్పుడు అక్కడ ఎందరు పనిచేస్తున్నారు, ఎందరు ఉండాలి అని కూడా అడగండి. కిసాన్ మేళాలో మైకు ఇస్తే మద్దతు ధరతో పాటు ఈ ప్రశ్న కూడా వెయ్యండి. ఇది ఉద్యోగాలు లేని పిల్లల సమస్య అని వదిలేస్తే నష్టపోయేది మన మినుమే.

ఉపకులపతి గారూ, నవంబరు నెలాఖరు నుంచి మా చేలల్లో మినుము చల్లుతారు. ఆలోగా ఖాళీల పట్టిక బయటపెట్టండి. వచ్చే సార్వా నాటికి ఒక్క ఘంటసాల కేంద్రంలోనైనా మంజూరైన సాంకేతిక పోస్టులన్నీ సక్రమంగా నిండేలా చూడండి. అక్కడి నుంచి మిగతా కేంద్రాలకు వెళ్ళండి. మినీకిట్లకు భూమి కావాలంటే మా చేలు ఇస్తాం, మీ సిబ్బంది వస్తే అన్నం పెట్టి పంపిస్తాం. మనుషులను మాత్రం మీరే పెట్టాలి.

ఇట్లు,
ఒక మినుము రైతు,
చల్లపల్లి, కృష్ణా జిల్లా.